పాత బడి పైన వద్దు, ఆనించీ వద్దు: కొత్త గదులు ఎక్కడ, ఎలా కట్టాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హనుమకొండ వైపు నిజాం కాలం నాటి ఉన్నత పాఠశాల. ఒకటే అంతస్తు, 2 అడుగుల మందం రాతిగోడలు, సున్నం పని, ఇనుప గడ్డర్ల మధ్య ఇటుక డాట్లు (చిన్న కమాన్లు) వేసిన మిద్దె, ముందు బెంగుళూరు పెంకు వరండా. పాత గోడకు పగుళ్లు, పెచ్చులు ఉన్నాయి. పూర్వ విద్యార్థులు ఆరు తరగతి గదులు, ఒక సైన్సు ల్యాబు, మరుగుదొడ్లు కట్టిద్దామనుకుంటున్నారు. గోడలు ఇంత లావున్నాయి కాబట్టి పైన ఇంకో అంతస్తు వేసినా కదలదని మేస్త్రి అంటున్నాడు. వెనక గోడకు ఆనించి కడితే ఒక గోడ ఖర్చు మిగులుతుందని ఇంజినీరు అంటున్నాడు. ఏది మేలు అని అడిగారు.

రెండూ వద్దు. కొత్త కట్టడం తన పునాది మీద, తన పిల్లర్ల మీద విడిగా నిలబడాలి. పాతదానికి, కొత్తదానికి మధ్య తేలికపాటి నడవా ఒకటి ఉంటే చాలు, అదీ పాత గోడ మీద బరువు మోపకూడదు. ఈ పనిలో డిజైనంతా ఆ అతుకు దగ్గరే ఉంది. మిగతాది మామూలు బడి కట్టడమే.

మేస్త్రి మాటలో సగం నిజం ఉంది. గోడ నలిగిపోదు. లెక్క చూడండి: 15 అడుగుల ఎత్తు, 2 అడుగుల మందం రాతిగోడ, దాని మీద మిద్దె వాటా కలిపి ఇప్పుడు మీటరు పొడవుకు సుమారు 7.5 టన్నులు. పైన ఒక అంతస్తు వేస్తే నేల స్లాబు, ఇటుక గోడ, కప్పు స్లాబు, పిల్లల బరువు కలిపి ఇంకో 5.5 టన్నుల పైమాటే. గోడ మోస్తుంది. అడుగున పునాది వెడల్పు 3 అడుగులే ఉంటే నేల మీద ఒత్తిడి చదరపు మీటరుకు 8 టన్నుల చిల్లర నుంచి 14 టన్నులు దాటుతుంది. గట్టి మొరం అయితే భరించవచ్చు. నల్లరేగడి అయితే కుంగుతుంది, అదీ అంతటా ఒకేలా కుంగదు. వాన నీరు నిలిచే మూల ముందు దిగుతుంది, కిటికీ డాటు నడినెత్తిన పగులు వస్తుంది.

పైగా ఆ గోడ బయటికి కనిపించేంత గట్టిది కాదు. చాలా పాత రాతిగోడల్లో బయట ఒక వరస, లోపల ఒక వరస పెద్ద రాళ్లు, మధ్యలో చిన్న రాళ్లు, సున్నం కూర్చిన పొట్ట ఉంటుంది. మందం మొత్తం పట్టే అడ్డరాళ్లు తక్కువైతే రెండు వరసలూ విడిపోయి గోడ ఉబ్బుతుంది. ఇక మిద్దె సంగతి. తరగతి గది నేలకు భారత ప్రమాణాల కోడ్ ఐ.ఎస్. 875 ప్రకారం చదరపు మీటరుకు 300 కిలోల వినియోగ భారం (మనుషులు, సామాను బరువు) లెక్కగట్టాలి, వరండాకు, మెట్లకు 400. గడ్డర్ల మిద్దె ఆ లెక్కతో వేసింది కాదు. డాట్లు పక్కలకు తోస్తుంటాయి, చివరి డాటు తోపును ఆపేది గోడ బరువు, అక్కడ బిగించిన ఇనుప కడ్డీలు. ఆ కడ్డీలు తుప్పు పట్టాయో లేదో ఇంతవరకు ఎవరూ చూసి ఉండరు. ముందు అవి చూడండి. సిమెంటు ట్యాంకు, సోలార్ పలకలు కూడా ఆ మిద్దె ఎక్కకూడదు. 1000 లీటర్ల ట్యాంకు అంటే ఒక టన్ను.

వెనక గోడకు ఆనిస్తే వచ్చే చిక్కులు వేరు. కొత్త పునాది కొత్తగా కుంగుతుంది, పాతది ఎప్పుడో కుంగి ఆగింది. రెండింటినీ కలిపి కడితే ఆ తేడా అంతా అతుకు దగ్గర పగులుగా తేలుతుంది. వెనక కిటికీలు, పైన రోషన్‌దాన్లు (గాలి, వెలుగు కోసం కప్పు దగ్గర పెట్టిన చిన్న కిటికీలు) మూసుకుపోతాయి. ఆ గదులు ఏప్రిల్లో కూడా ఫ్యాన్లతో నెట్టుకొస్తున్నాయంటే పైనుంచి వేడి గాలి పోయే ఆ రోషన్‌దాన్ల పుణ్యమే. ఒక గోడ ఖర్చు మిగుల్చుకుని పాత గదులన్నీ చీకటి చేసుకోవడం తెలివైన బేరం కాదు.

కొలతలకు పోకముందు స్థలం ఎక్కడుందో పటం మీద చూడాలి. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలకు చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన 200 మీటర్లు అనుమతితోనే. 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ఇది. దూరం కొలిచేది గుడి గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. 100 మీటర్ల లోపల పడితే అనుమతి తీసుకుని మరమ్మతు చేసుకోవచ్చు గానీ అదనపు గదుల ఆశ వదులుకోవాలి. రాష్ట్రానికి 2017 నాటి వారసత్వ చట్టం ఉంది, దాని కింద ఆ భవనం గానీ పక్క భవనం గానీ ఉందేమో కనుక్కోండి. ఇవి తేలాకే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా), మున్సిపల్ అనుమతులు, ఫైర్ శాఖ.

ఎక్కడ కట్టాలి? మీరు చెప్పిన కొలతలతో వెనకవైపు, 30 అడుగుల ఖాళీ వదిలి. గేటు నుంచి పాత భవనం 80 అడుగుల దూరం. పునాది మట్టం 2.5, గది 15, పిట్టగోడ 3 కలిపి ఎత్తు 20.5 అడుగులు. గేటు దగ్గర నిలబడ్డ మనిషి కన్ను 5 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే పిట్టగోడ మీదుగా పోయే చూపు, 35 అడుగుల లోతు పాత భవనం, 30 అడుగుల ఖాళీ దాటేసరికి 33 అడుగుల ఎత్తుకు చేరుతుంది. కొత్తది రెండంతస్తులు, అంతస్తుకు 10.5 చొప్పున, పునాది, పిట్టగోడ కలిపి 26.5 అడుగులు. గేటు నుంచి కనపడనే కనపడదు. పాత ముఖం పాతదిలాగే ఉంటుంది. ఈ ఒక్క గీత కాగితం మీద గీసుకుంటే కమిటీలో సగం వాదనలు తగ్గుతాయి. గేటు ఎదురుగా కాకుండా పక్క రోడ్డు మీంచి ఎలా కనిపిస్తుందో కూడా గీయండి, అక్కడ పై అంతస్తు వెనక్కి జరపాల్సి రావచ్చు.

ఆ 30 అడుగుల ఖాళీలో వేపచెట్టో చింతచెట్టో ఉంటే దాన్ని చూసి నడవా జరపండి, చెట్టు కొట్టకండి.

తవ్వే ముందు పాత పునాది చూడాలి. పాత గోడ వెంట మూడు చోట్ల, ఒకటి మూలన, ఒకటి నడుమ, ఒకటి నీరు నిలిచే చోట, మీటరు చదరం గుంత చేత్తో తవ్వించండి. రాసుకోవలసినవి నాలుగే: పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు, కింద నల్లరేగడా మొరమా, నేల తడి ఎంత. ఒక రోజులో కొలిచి పూడ్చేయాలి, గుంతలో వాన పడనివ్వకూడదు. మే నెలలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూస్తే నల్లరేగడి ఎంత ఉబ్బుతుందో తెలుస్తుంది. ఉన్న పగుళ్ల మీద సన్న గాజు పట్టీ రెండు చివర్లా అతికించి తేదీ రాయండి. గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం, విరగకపోతే అది పాత గాయం. కనీసం ఒక వానాకాలం గమనించకుండా పగుళ్లు పూడ్చవద్దు.

కొత్త పునాది పాతదానికంటే లోతుకు పోతే ఎంత దూరం జరగాలి? ఐ.ఎస్. 1904 చెప్పే వాలు, రెండు అడ్డం, ఒకటి నిలువు. అంటే కొత్త గుంత అడుగు పాత పునాది అడుగుకంటే 3 అడుగులు కిందికి పోతే రెండింటి అంచుల మధ్య కనీసం 6 అడుగులు ఉండాలి. ప్రధాన కట్టడానికి 30 అడుగుల ఖాళీ ఉంది కాబట్టి దిగులు లేదు. చిక్కు నడవా పిల్లర్లతోనే. వాటిని పాత గోడకు 6, 7 అడుగుల దూరంలో ఆపి, నడవా చివరి భాగం కింద పిల్లరు లేకుండా కాంటిలీవరుగా ముందుకు చాపాలి. నల్లరేగడి లోతుగా ఉంటే మామూలు ఫుటింగులు కాకుండా అడుగున బుడగ ఉన్న అండర్‌రీమ్డ్ పైల్స్ వేయించండి. తేమ మార్పులు అందని లోతుకు అవి దిగుతాయి, గోడ పక్కన పెద్ద గుంత తవ్వే పని కూడా ఉండదు. పైల్స్ తలలు కలిపే బీము కింద నల్లరేగడి ఉబ్బడానికి నాలుగైదు అంగుళాల ఖాళీ ఉంచడం మరిచిపోకండి. అది మరిస్తే నేల బీమును కింది నుంచి లేపుతుంది.

మన వైపు రెండు మూడు అడుగులకే రాతి పొర తగలడం కూడా మామూలే. అక్కడ బ్రేకర్ యంత్రం పెట్టించకండి, పేలుడు మాట అసలే వద్దు. సున్నపు గోడ అదురుకు తట్టుకోదు. రంధ్రాలు వేసి మేకులతోనో, ఉబ్బే రసాయనంతోనో రాయి చీల్చేవాళ్లు ఇక్కడ దొరుకుతారు, రోజులు ఎక్కువ పడతాయి, అంతే.

ఇక అతుకు.

పాత గోడకు, కొత్త నడవాకు మధ్య 50 మిల్లీమీటర్ల నిజమైన ఖాళీ. భూకంపంలో పక్క పక్క కట్టడాలు ఢీకొనకుండా ఐ.ఎస్. 4326లో కాంక్రీటు ఫ్రేముకు అంతస్తుకు 20, స్టీలు ఫ్రేముకు 30 మిల్లీమీటర్లు ఇచ్చారు. ఇంజినీరు అక్కడ మొదలుపెట్టి తన లెక్క తేల్చాలి. మనకు భూకంపాలు ఎక్కడివి అనేవాళ్లకు 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర వచ్చిన 5.3 తీవ్రత కుదుపు గుర్తుచేయండి. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది అంతకంటే పెద్దది. ఆ ఖాళీలో సెంట్రింగ్ చెక్కలు, ఇసుక, సిమెంటు ముద్దలు ఇరుక్కుపోవడం సైటు మీద ఎప్పుడూ జరిగే తప్పు. ఇరుక్కుంటే ఖాళీ లేనట్టే, రెండు కట్టడాలూ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. నడవా పని అయ్యాక పైనుంచి కిందికి టార్చి వేసి, సన్న కర్ర ఒకటి ఆ ఖాళీలో ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూడకుండా బిల్లు పాస్ చేయకండి.

నేల మీద ఆ ఖాళీని మూసేది గళ్ల స్టీలు పలక. కొత్త వైపు మాత్రమే బిగించాలి, పాత వైపు షాబాదు బండ మీద ఊరికే ఆనాలి, కదిలితే జారాలి. రెండు వైపులా బోల్టులు వేస్తే కదలిక వచ్చిన రోజున బండ పగులుతుంది. పైకప్పు దగ్గరా అదే సూత్రం. నడవా రేకు ముందున్న పాత వరండా చూరు మట్టంకంటే కనీసం ఒక అడుగు కిందికి ఉండాలి, వాలు పాత గోడకు దూరంగా, కొత్త కట్టడం వైపు. పాత గోడలో రాయికి రాయికి మధ్య ఉన్న సున్నపు సందును 25 మిల్లీమీటర్ల లోతు గీరి, అందులో సన్నటి లోహపు రేకు అంచు దోపి, సున్నంతోనే మూయాలి. రాయిని కోయకూడదు. ఆ రేకు కిందికి దిగి నడవా కప్పు మీద కప్పుకున్నట్టు ఉంటుంది కానీ దానికి అతుక్కోదు. సిలికాన్ గొట్టంతో పూసి చేతులు దులుపుకునే పద్ధతి రెండు మూడు ఎండాకాలాలు నిలుస్తుంది, ఆ తర్వాత గోడ లోపలికి నీరు దిగుతుంటే ఎక్కడినుంచో ఎవరికీ అంతుపట్టదు.

నీళ్ల లెక్క కాగితం మీద వేయండి. నడవా, దాని మీదికి వచ్చే కప్పు కలిపి 150 చదరపు మీటర్లు అనుకుందాం. గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే గంటలో 15,000 లీటర్లు. 4 అంగుళాల గొట్టం ఒకటి ఆ వానలో 85 చదరపు మీటర్ల కప్పు నీళ్లు దించుతుంది. అంటే రెండు గొట్టాలు చాలు, మూడు పెట్టండి, ఒకటి వేపాకులతో ఎలాగూ మూసుకుంటుంది. కప్పు అంచున నీటి కాలువ వెడల్పు 12 అంగుళాలు ఉంటేనే మనిషి చెయ్యి, చీపురు పడతాయి. కాలువ అంచుకు రెండు అంగుళాలు కిందుగా బయటికి దూకే గొట్టం ఒకటి ఉండాలి, గొట్టాలన్నీ మూసుకుపోయినా నీరు పాత గోడ మీదికి కాకుండా వాకిట్లో పడాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు పడింది. అంత వానకు ఎవరూ డిజైన్ చేయరు. పొంగినప్పుడు నీరు ఎటు పోవాలో మాత్రం ముందే నిర్ణయించవచ్చు. వాస్తు ఎలాగూ ఎవరో ఒకరు చూస్తారు, వాళ్లు చూసేలోపు వాటం చూడండి.

పాత భవనంలోంచి నడవాలోకి దారి కావాలి. కొత్త దర్వాజా కొట్టకండి. ఉన్న కిటికీల్లో ఒకదాన్ని ఎంచుకుని, కింది గోడ భాగం మాత్రమే తీయాలి. పైన డాటు అలాగే ఉంటుంది, వెడల్పు పెరగదు, అందువల్ల బరువు దారి మారదు. ఉలి, సుత్తితో పైనుంచి కిందికి, వరస వరసకు తీయాలి. తీసిన ప్రతి రాయికి సుద్దతో కాదు, పెయింటుతో నంబరు వేసి, ఫొటో తీసి, స్టోరులో పెట్టాలి. రేపెప్పుడైనా ఆ కిటికీ మళ్లీ కిటికీ కావాలంటే కావాలి. విప్పడం తేలిక, కూర్చడమే కష్టం. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం విప్పాక మళ్లీ 2024లో తెరుచుకునేసరికి ఏళ్లకు ఏళ్లు పట్టింది. రోషన్‌దాన్ల జోలికి, కిటికీ టేకు చట్రాల జోలికి అసలు పోవద్దు. చెదలు తిన్న చోట మాత్రం ఆ ముక్క కోసి అదే టేకు అతకాలి.

పాత గోడకు పగుళ్లు, పెచ్చులు ఉన్నాయన్నారు కదా. కొత్త పని బిల్లులోనే "పాత గోడకు ప్లాస్టరింగ్" అని ఒక పద్దు కలిపి సిమెంటు పూయించే ప్రమాదం ఇక్కడే ఉంది. నేల తడి రాతిగోడలో మూడు నాలుగు అడుగులు ఎక్కుతుంది, సున్నం ఆ తడిని బయటికి ఆవిరిగా వదులుతుంది. సిమెంటు వదలదు. తడి ఇంకా పైకి ఎక్కి, ఉప్పు లోపలే గడ్డకట్టి, రెండేళ్లకు సిమెంటు పొర రాతి చెక్కుతో సహా ఊడి వస్తుంది. కాబట్టి గానుగ సున్నమే. బాగా నానిన సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లతో మొదలుపెట్టి, 3 అడుగుల చదరం నమూనా పూయించి, ఆరాక గోకి చూసి పాళ్లు మార్చుకోండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రులు ఉంటే వాళ్ల మాట వినండి, పాళ్లు మాత్రం రాయించుకోండి. తడి గోనెలు కట్టి రెండు వారాలు ఆరకుండా చూడాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పూసిన సున్నం పొడిపొడిగా రాలుతుంది, తప్పు సున్నానిది కాదు. గోడ చుట్టూ సిమెంటు కాంక్రీటు చప్టా పోసి ఉంటే గోడ పక్క రెండడుగులు పగలగొట్టించి కంకర నింపండి, తడి అక్కడ బయటికి పోతుంది.

కొత్త కట్టడం ఎలా ఉండాలన్నది రుచికి సంబంధించినదే అయినా ఒక మాట. సిమెంటుతో దొంగ డాట్లు, తోరణాలు పోయించకండి. పెళ్లి మండపంలో థర్మోకోల్ గోపురం లాగా ఉంటుంది. పాత కట్టడాల పరిరక్షణపై 1964లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పంద పత్రం వెనిస్ చార్టర్ కూడా అదనపు పని తన కాలం ముద్రతో, పాతదానికంటే వేరుగా తెలియాలనే చెబుతుంది. వేరుగా ఉండటం అంటే గాజు పెట్టె కట్టమని కాదు, మన ఎండకు అది పొయ్యి. పాతదానినుంచి కొలతలు తీసుకోండి: కిటికీ వెడల్పుకు ఎత్తు రెట్టింపు, కిటికీకి కిటికీకి మధ్య గోడ ఎంత, పునాది రాతి పట్టీ ఎంత ఎత్తు. అవే నిష్పత్తులు కొత్త ఇటుకలో, కొత్త స్టీలులో రావాలి. పునాది పట్టీకి ఇక్కడి గ్రానైటు, నేలకు షాబాదు బండలు, గోడకు సున్నపు పూత రంగుకు దగ్గరి రంగు. చాలు.

పొడవు తూర్పు పడమరలుగా, కిటికీలు ఉత్తర దక్షిణాలకు. మనది సుమారు 18 డిగ్రీల అక్షాంశం కాబట్టి దక్షిణం కిటికీకి 2 అడుగుల సజ్జ ఉంటే మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా మిట్టమధ్యాహ్నం 4.5 అడుగుల కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. పడమటి చివర మరుగుదొడ్లు, మెట్లు పెడితే సాయంత్రపు ఎండ అవే కాస్తాయి, తడి గోడలు పాత భవనానికి దూరంగా ఉంటాయి. నీళ్లు, గ్యాసు ఉండే ల్యాబు కింది అంతస్తులోనే. కింద మూడు గదులు, ల్యాబు, పైన మూడు గదులు సరిపోతాయి.

మెట్లు రెండు చోట్ల, వెడల్పు 1.5 మీటర్లకు తగ్గకుండా, మెట్టు ఎత్తు 150, పాదం 300 మిల్లీమీటర్లు. ఇరుకు మెట్లు, తాళం వేసిన తలుపు ఏం చేస్తాయో 2004లో అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లల్ని పోగొట్టుకున్న తమిళనాడులోని కుంభకోణం ఊరి బడి దేశానికంతటికీ చూపించింది. నడవా ఇరుపక్కలా జారే ఇనుప గేట్లు పెట్టి బడి వేళల్లో తాళం వేసే అలవాటుంటే నడవా కట్టి లాభం లేదు. కొత్త నేల పాత నేలతో ఒకే మట్టం రావాలి, అప్పుడు చక్రాల కుర్చీ పాత గదుల్లోకి కూడా పోతుంది. ర్యాంపు 1కి 12 వాలు, అంటే 2.5 అడుగుల ఎత్తుకు 30 అడుగుల పొడవు, నడుమ ఆగే చదును విడిగా. దాన్ని కొత్త వైపే పెట్టండి, పాత వరండా ముందు కాంక్రీటు పోయకండి.

టెండరు కాగితంలో మూడు మాటలు స్పష్టంగా రాయించండి: పాత గోడలో సిమెంటు వాడకూడదు, పాత గోడకు 10 అడుగుల లోపు యంత్రంతో తవ్వకూడదు, నమూనా చూపి సంతకం తీసుకోకుండా సున్నం పని మొదలుపెట్టకూడదు. రాయకపోతే కాంట్రాక్టరు తనకు అలవాటైన పని చేస్తాడు, అతన్ని తిట్టి లాభం లేదు. మొత్తం డబ్బులో 10 నుంచి 15 శాతం అతుకు, వాన నీరు, పాత గోడ మరమ్మతుకు విడిగా తీసి పెట్టమని నా సలహా. తరగతి గదులకు దాతల పేర్లు పెట్టవచ్చు, కాలువకు ఎవరూ పేరు అడగరు, అందుకే ఆ డబ్బు ముందే పక్కన పెట్టాలి.

వరస ఇలా పెట్టుకోండి. గుంతలు, గాజు పట్టీలు, అనుమతులు ఒక ఏడాది. పునాదులు సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలకు ముందే నేల మట్టం దాటాలి. పదో తరగతి పరీక్షలప్పుడు చప్పుడు పని ఆపాలి, వేసవి సెలవుల్లో ఎక్కువ చేసుకోవాలి. కొత్త కట్టడం స్లాబులు, గోడలు పూర్తయి ఒక వానాకాలం గడిచి, కుంగాల్సింది కుంగాక, ఆఖర్న నడవా. అప్పటిదాకా రెండు భవనాల మధ్య పిల్లలు గొడుగు పట్టుకుని నడిచినా ఫరవాలేదు.

గుంతల కొలతలు, వెనక గోడ పగుళ్ల ఫొటోలు పెడితే నడవా పిల్లర్లు ఎక్కడ దిగాలో గీసి చెబుతాను.